మోడ్ పెత్తనం: నా అనుభవం

"మోడ్ అయితే నీకేమొస్తుంది?" అని మా పీజీ రూమ్మేట్ అడిగాడు. మోడ్ అంటే మోడరేటర్, ఆన్‌లైన్ ఆట సర్వర్‌లో గొడవలు చూసుకునేవాడు. జీతం రాదు. ఆటలో వజ్రాలూ రావు. పేరు ముందు పచ్చరంగులో 'మోడ్' అన్న ముక్క వస్తుంది, దాని వెంటే రాత్రి పదకొండింటికి "అన్నా, ఎవడో నా కోళ్ళఫారం పేల్చేశాడు" అని మెసేజ్ వస్తుంది. వాడు నవ్వి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నేను మోడ్ పనికి దరఖాస్తు ఫారం నింపాను.

నేనుండేది బెంగళూరు మారతహళ్ళిలో. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సాయంత్రం ట్రాఫిక్‌లో నలిగి పీజీకి చేరి, ఆ నీళ్ళ సాంబారేదో తిన్నాక మిగిలే రెండు మూడు గంటలు మైన్‌క్రాఫ్ట్‌కి. గడుల్లాంటి దిమ్మలు తవ్వి, పేర్చి ఇళ్ళు కట్టుకునే ఆట అది. అందరం కలిసి ఆడుకునే మా సర్వర్ అంటే పెద్ద కంపెనీ వ్యవహారమేమీ కాదు. మాలాగే ఇక్కడ ఉద్యోగం చేసుకునే ఒకన్న నెలనెలా అద్దె కట్టి నడిపిస్తున్నాడు. అనంతపురం, ఒంగోలు, వరంగల్, హైదరాబాద్ పిల్లలు, మా బెంగళూరు బ్యాచ్, మనకు తెల్లారే వేళకు అమెరికా నుంచి తగిలే ఇద్దరు ముగ్గురు. అందరూ తెలుగువాళ్ళే. శనివారం రాత్రయితే యాభై అరవై మంది ఉంటారు. మాటలకు డిస్కార్డ్ అనే చాట్ యాప్.

అంతకు ముందు వేరే సర్వర్లలో ఆడాను. ఒకదాంట్లో మోడ్‌లు తమకు నచ్చనివాణ్ణి అందరి ముందూ బూతులు తిట్టి బయటికి గెంటేవాళ్ళు. చూసేవాళ్ళు నవ్వుతూ స్మైలీలు పెట్టేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ నవ్విన పిల్లలు కూడా కొత్తగా వచ్చినవాళ్ళతో అదే భాష మాట్లాడటం మొదలెట్టారు. ఈ సర్వర్‌లో ఆ గోల లేదు. అలాగని ఇక్కడేమీ మహాత్ములు చేరలేదు, అదే వయసు, అదే ఊళ్ళు. తేడా ఎక్కడుందో లోపలికెళ్ళి చూద్దామనిపించింది.

ఫారంలో వయసు, ఏ టైంలో ఆన్‌లైన్‌లో ఉంటారు లాంటివి పోగా అసలు ప్రశ్నలు మూడే. మీ దగ్గరి స్నేహితుడు ఎక్స్‌రే వాడుతూ దొరికితే ఏం చేస్తారు? కొత్త కుర్రాడొకడు అడిగిందే అడిగి విసిగిస్తుంటే? ఇంకో మోడ్ తప్పు చేశాడని మీకనిపిస్తే? ఎక్స్‌రే అంటే తెలియనివాళ్ళకు: రాళ్ళు కనబడకుండా చేసి, నేలలో వజ్రాలెక్కడున్నాయో నేరుగా చూపించే దొంగ ప్యాక్. మొదటి ప్రశ్నకు చాలామంది 'క్షణం ఆలోచించకుండా పర్మనెంట్ బ్యాన్' అని రాశారట. వాళ్ళలో ఎవర్నీ తీసుకోలేదు. 'రుజువులు ఇంకో మోడ్ చేతికిచ్చి నేను పక్కకు తప్పుకుంటా' అని రాశాను నేను. ఆ జవాబు నచ్చే తీసుకున్నారనుకున్నా. చాలా రోజుల తర్వాత అడిగితే సర్వర్ నడిపే అడ్మిన్ అన్న, "నీ ఫారం పైపైనే చూశా. నీ పాత చాట్ మాత్రం మొత్తం తిరగేశా. చచ్చిపోయి సామానంతా పోగొట్టుకున్నప్పుడు నువ్వేం మాట్లాడావో అది చూశా" అన్నాడు.

మొదట్లో నాకిచ్చింది మ్యూట్ చేసే, అంటే చాట్‌లో నోరు కట్టేసే, అధికారం ఒక్కటే. బ్యాన్ బటన్ కనబడదు. ఏ చిన్న పని చేసినా డిస్కార్డ్‌లో మోడ్‌లకే కనిపించే చానెల్‌లో ఒక వాక్యం రాయాలి: ఎవర్ని, ఎందుకు, ఎంతసేపు. నేను నేర్చుకున్నదంతా ఆ చానెల్‌లోనే. పాత మోడ్‌లు రాసిన వాక్యాలు చదువుతుంటే ఎక్కడా 'వీడు ఎదవ' అన్న మాట లేదు. 'రాత్రి 10:40కి ఇద్దరి మీద వ్యక్తిగతంగా తిట్లు, ఒకసారి చెప్పాను, ఆగలేదు, గంట మ్యూట్.' అంతే. నాకది మొదట ఆఫీసు టికెట్‌లా అనిపించి నవ్వొచ్చింది.

తర్వాత నవ్వు రాలేదు, ఎందుకో ఒక్క కేసు చెప్తాను.

ఒంగోలు కుర్రాడొకడు ఎన్నో రోజులు కష్టపడి పెద్ద చెక్క మేడ కట్టుకున్నాడు. ఒక రాత్రి వచ్చి చూస్తే సగం మేడ లేదు. పక్క స్థలంవాడితో వాడికి అప్పటికే సరిహద్దు గొడవ. ఇంకేం, చాట్‌లో పేరు పెట్టి "ఇది వాడి పనే" అన్నాడు. ఐదు నిమిషాల్లో పది మంది ఆ పక్కింటివాడి మీద పడ్డారు. వాడు "నేను కాదు బ్రో" అంటుంటే ఎవరూ వినరు. నాతోపాటు ఆన్‌లైన్‌లో ఉన్నది మా సీనియర్ మోడ్, విజయవాడలో ఫార్మసీ చదివే అక్క. ఆమె చాట్‌లో ఒకే ముక్క పెట్టింది: "చూస్తున్నాం. అప్పటిదాకా పేర్లు వద్దు." నన్ను వెళ్ళి చూడమంది.

కోర్‌ప్రొటెక్ట్ అని ఒక ప్లగిన్, అంటే సర్వర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఉంటుంది. సర్వర్‌లో ఎవరు ఏ గడి పెట్టారు, ఏది పగలగొట్టారు, ఏ పెట్టెలోంచి ఏం తీశారు అన్నీ రాసిపెట్టుకుంటుంది. ఇన్‌స్పెక్ట్ కమాండ్ కొట్టి ఒక గడిని తాకితే దాని చరిత్ర వరసగా చాట్‌లో పడుతుంది. గోడ ఉండాల్సిన చోట, ఇప్పుడు ఖాళీ గాలి ఉన్నచోట, నేనొక దిమ్మ పెట్టి చూశాను. ఓక్ చెక్క, ఇన్ని గంటల కింద పోయింది, పోగొట్టింది... అక్కడ ఆటగాడి పేరు లేదు. హ్యాష్ గుర్తు పెట్టి 'ఫైర్' అని ఉంది. పక్క గడి చూశా, ఫైర్. పై అంతస్తు, ఫైర్. మరి నిప్పు ఎవడు పెట్టాడు? కిందికి దిగుతూ వెనక్కి చూసుకుంటూ పోతే హాలు మధ్యలో ముచ్చటగా కట్టిన చలిమంట పొయ్యి. ఆటలో నెథర్‌రాక్ అనే రాయి మీద వెలిగించిన మంట ఎప్పటికీ ఆరదు, అందుకే అందరూ పొయ్యికి అదే వాడతారు. కానీ మైన్‌క్రాఫ్ట్‌లో మంట పైకి నాలుగు గడుల దాకా పాకి చెక్కనంటుకుంటుంది. ఈ కుర్రాడి పొయ్యికి మూడు గడుల పైన చెక్క సీలింగు. పొయ్యి వెలిగించిన పేరు చూస్తే మేడ యజమానిదే.

నేను ఆ ఒంగోలు కుర్రాడికి విడిగా మెసేజ్ పెట్టి ముగిద్దామనుకుంటున్నా. అక్క ఆపింది. "నింద అందరి ముందూ పడింది కదా, తీర్పు కూడా అందరి ముందే పడాలి" అంది. స్క్రీన్‌షాట్లు మెయిన్ చానెల్‌లో పెట్టి ఆమే రాసింది: ఇల్లు కాలింది ఇంట్లో పొయ్యి వల్ల, ఫలానా ఆటగాడికి ఏ సంబంధమూ లేదు, ఇందాక ఆయన్ని తిట్టినవాళ్ళు మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది. 'ఆయన్ని' అంది, ఆ ఆటగాడు ఇంటర్ చదివే పిల్లాడే అయినా. వరసగా "సారీ బ్రో"లు పడ్డాయి. ఒంగోలు వాడు కొంచెం లేటుగా, కొంచెం ముక్కుతూ చెప్పాడు. సొంత పొయ్యితో కాలిన ఇల్లు మేం వెనక్కి తేము, అది రూలు. దాంతో వాడికి చెక్క కావాల్సొచ్చింది. పక్కింటివాడు అమ్మాడు, మామూలు రేటుకు రెట్టింపు. అది మాత్రం మేం పట్టించుకోలేదు.

ఆ తర్వాత నేను గమనించింది ఏమిటంటే, ఎవరి పెట్టె పోయినా జనం పేరు పెట్టడం మానేశారు. "మోడ్‌లు ఎవరన్నా వచ్చి చూస్తారా" అనేవాళ్ళు. రూల్స్ చానెల్‌లో ఆ సంగతి ఏనాడో రాసే ఉంది. దాన్నెవరూ చదవరు, చదవరని మాకూ తెలుసు. మోడ్ నలుగురి ముందూ ఏం చేస్తాడో దాన్నే జనం రూలుగా పట్టుకుంటారు.

చుక్క గొడవ ఇంతకన్నా మొండిది. మాది కంప్యూటర్‌లో ఆడే జావా సర్వర్. ఫోన్‌లో ఆడేవాళ్ళు కూడా రావడానికి గైసర్, ఫ్లడ్‌గేట్ అని రెండు ప్లగిన్లు పెట్టాడు అన్న. ఫోన్ నుంచి వచ్చినవాళ్ళ పేరు ముందు ఒక చుక్క పడుతుంది. అదే పేరుతో జావాలో ఇంకొకరుంటే ఇద్దరూ కలిసిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. అందులో అవమానం ఏమీ లేదు. కానీ మనవాళ్ళకు తేడా కనిపించాలే గానీ! 'చుక్క బ్యాచ్' అన్న పేరు పుట్టింది. చుక్క ఉందంటే నాన్న ఫోన్‌లో ఆడుతున్న చిన్న ఊరి పిల్లాడని, టైపింగ్ రాదని, కత్తియుద్ధంలో వేలు జారి చస్తాడని. చుక్క పేరుతో ఎవడన్నా సాయం అడిగితే "ముందు పీసీ కొనుక్కో" అని జవాబు. అదేం బూతు కాదు, ఏ రూలూ దాటలేదు. కానీ ఫోన్ పిల్లలు ఒకసారి వచ్చి మళ్ళీ రావడం లేదు.

దీని మీద మోడ్‌లం మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్‌లో కూర్చుని గంటన్నర కొట్టుకున్నాం. బెంగళూరులో ఉన్న నలుగురం నేరుగా, మిగతావాళ్ళు టేబుల్ మీద ఫోన్‌లో. గోంగూర రెండోసారి అడిగినా వడ్డించే ఆయన ఇటు చూడకపోవడానికి మా అరుపులే కారణమనుకుంటా. ఒకడు ఆ మాటనే ఫిల్టర్‌లో పెట్టేద్దామన్నాడు. ఇంకొకడు అన్నవాళ్ళను రోజంతా మ్యూట్ చేద్దామన్నాడు. నేను ఆ చుక్కనే తీసేద్దామన్నా, ఫైల్‌లో ఒక్క లైను మారిస్తే పోతుంది. పేర్లు గుద్దుకుంటాయని అన్న ఒప్పుకోలేదు. చివరికి అక్క ఫోన్‌లోంచే ఒక మాట అంది: "వారానికో రోజు మనమే ఫోన్‌లో ఆడదాం."

అలాగే చేశాం. బుధవారం రాత్రి మోడ్‌లందరి పేర్ల ముందూ చుక్క. నిజంగా నరకం. ఆ చిన్న గాజు మీద బొటనవేళ్ళతో నడవడం, తిప్పడం, గడి పెట్టడం అన్నీ ఒకేసారి చెయ్యలేక లావాలో పడ్డాను, అందరి ముందూ. పీసీవాళ్ళు పడీపడీ నవ్వారు. నవ్వనిచ్చాం. ఆ నవ్వు మా మీదికి రావడమే మాకు కావల్సింది. ఫోన్‌లో కట్టిన ఇళ్ళకు విడిగా పోటీ పెట్టాం, టీముల్లో పీసీ ఒకరు, ఫోన్ ఒకరు అని జతకట్టాం. 'చుక్క బ్యాచ్' అన్న మాట పోలేదు. ఇప్పుడు ఆ పిల్లలే తమ టీముకు ఆ పేరు పెట్టుకుని జెండాలు కుడుతున్నారు. కత్తియుద్ధం మైదానంలో మాత్రం ఇప్పటికీ ఫోన్‌వాళ్ళు ఓడిపోతూనే ఉంటారు, దానికి మా దగ్గర మందు లేదు.

ఈ మధ్యలో నేను కొంచెం చదవడం మొదలెట్టాను. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ ఆట చేసిన రయట్ కంపెనీ 2011లో ట్రిబ్యునల్ అని ఒకటి పెట్టింది. ఫిర్యాదులొచ్చిన ఆటగాళ్ళ చాట్‌లను తోటి ఆటగాళ్ళే చదివి శిక్షించాలా వదిలేయాలా అని ఓటేసేవాళ్ళు. 2014లో ఆపేశారు. నన్ను ఆకట్టుకున్నవి వాళ్ళు చెప్పిన వేరే రెండు సంగతులు. ఒకటి, ఆటలో వచ్చే తిట్లలో ఎక్కువ భాగం పేరుమోసిన రౌడీలవి కావు, మామూలుగా బుద్ధిగా ఉండి ఆ రోజు చిరాగ్గా ఉన్నవాళ్ళవి. రెండోది, ఎదుటి టీముతో మాట్లాడే చాట్‌ను తీసెయ్యలేదు, మొదట్లో ఆఫ్‌లో ఉంచి, కావాల్సినవాళ్ళు ఆన్ చేసుకోవచ్చన్నారు. వాడేవాళ్ళ సంఖ్య పెద్దగా తగ్గలేదు గానీ అందులో తిట్లు దాదాపు మూడో వంతు తగ్గాయట. చిరాగ్గా ఉన్నవాడికీ మాటకూ మధ్య ఒక్క మెట్టు కట్టారన్నమాట.

మా డిస్కార్డ్‌లో 'స్లో మోడ్' అనే సెట్టింగ్ పని అదే (ఈ మోడ్ మనిషి కాదు). ఒక్కొక్కరు మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఇన్ని సెకన్లు ఆగాలి అని డిస్కార్డ్‌లో పెట్టుకోవచ్చు, ఐదు సెకన్ల నుంచి ఆరు గంటల దాకా. 2024 జూన్ 4న, ఆంధ్రా ఎన్నికల ఫలితాల రోజు, పొద్దున్నే ముప్ఫై సెకన్లు పెట్టాం. పది గంటలకల్లా రెండు నిమిషాలు చేశాం. మధ్యాహ్నానికి మెయిన్ చానెల్‌కి తాళమే వేశాం. "రిజల్ట్స్ చూసుకోండి, రేపు వజ్రాలు తవ్వుకుందాం" అని అన్న ఒక లైను పెట్టాడు. పార్టీ, కులం, హీరో, ఈ మూడూ గేటు బయటే అన్నది మా సర్వర్‌లో అందరికీ కంఠతా వచ్చిన ఒకే ఒక్క రూలు. ఒక పెద్దాయన, నలభై దాటినాయన, కొత్తగా చేరి అది చదివి, "మరి మనం మాట్లాడుకునేందుకు ఏం మిగిలింది బాబూ?" అని అడిగాడు. గుమ్మడికాయల సాగు గురించి మాట్లాడుకోవచ్చండీ అన్నాం. ఇప్పుడు సర్వర్‌లో అందరికన్నా పెద్ద గుమ్మడి తోట ఆయనదే.

తిట్లను యంత్రంతో పట్టుకోవడం గురించి ఎక్కువ చెప్పను. డిస్కార్డ్ 2022లో ఆటోమోడ్ ఇచ్చింది, మనం మాటల జాబితా ఇస్తే అవి ఉన్న మెసేజ్‌ను ఆపేస్తుంది. తెలుగు తిట్టును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఎవడి స్పెల్లింగ్ వాడిది. ఒక అక్షరం సాగదీస్తాడు, మధ్యలో చుక్క పెడతాడు, సున్నా పెడతాడు. జాబితా పెంచుతూ పోతే మామూలు మాటలు ఇరుక్కుంటాయి. కులం విషయంలో అయితే అసలు తిట్టే ఉండదు, ఒక అంకె, ఒక ఊరి పేరు, ఒక సినిమా డైలాగు చాలు. అది యంత్రానికి తెలియదు. అదే నేలమీద పెరిగినవాడికి చూడగానే తెలుస్తుంది. కలర్ ప్రిడిక్షన్ అని రంగుల మీద డబ్బు పందెం కట్టించే లింకులు గుప్పించే దొంగ ఖాతాలను మాత్రం యంత్రం బాగానే ఏరేస్తుంది. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో చట్టం వచ్చినా ఆ లింకులు రావడం ఆగలేదు.

బ్యాన్ అధికారం చేతికొచ్చాక నాకు పెట్టిన షరతు: బ్యాన్ మెసేజ్‌లో ఏం చేశారు, ఎప్పుడు, రుజువేది, మళ్ళీ ఎప్పుడు రావచ్చు అన్న నాలుగూ ఉండాలి, 'మీరు' అని రాయాలి. పదిహేనేళ్ళ పిల్లాడికి 'మీరు' ఏంటని నాకూ అనిపించింది. కానీ అప్పీళ్ళు చదివేటప్పుడు తేడా తెలిసింది. ఇది వరకు ఆడిన సర్వర్లలో "రూల్స్ బ్రేక్ చేశావ్" అని ఒక్క ముక్కతో గెంటేస్తే, వాడు ఇంకో ఖాతాతో వచ్చి మళ్ళీ తిట్టేవాడు. ఇక్కడ అప్పీలుకొచ్చినవాడు మొదటి లైన్లోనే "ఆ మాట అన్న సంగతి నిజమే అన్నా, కానీ వాడు ముందు..." అని మొదలెడతాడు. వాదిస్తాడు, సణుగుతాడు, కానీ దేని గురించో వాడికీ మనకూ ఒకటే తెలుసు. ఇంకో నియమం, బ్యాన్ చేసినవాడు ఆ అప్పీలు చూడకూడదు. నేను వేసిన బ్యాన్‌ను అక్క సగానికి తగ్గించిన సందర్భాలున్నాయి. కొన్నిసార్లు ఒళ్ళు మండింది కూడా.

సర్వర్‌ను నిజంగా కుదిపింది డోనర్ కేసు, అంటే సర్వర్‌కి డబ్బిచ్చే ఒకాయన కేసు. మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్ కంపెనీ 2014లోనే రూలు పెట్టింది, సర్వర్ నడిపేవాళ్ళు డబ్బు తీసుకుని ఆటలో బలం అమ్మకూడదు, అలంకారాలు అమ్ముకోవచ్చు అని. అందుకే మా దగ్గర డబ్బిచ్చినవాళ్ళకు పేరు బంగారు రంగులో కనిపిస్తుంది, తలమీద టోపీ వస్తుంది, అంతే. అందులో ఒకాయన అందరికన్నా ఎక్కువ ఇస్తాడు, సర్వర్ అద్దెలో సగం దాకా ఆయనదే. మంచి మాటకారి, కొత్తవాళ్ళకు ఫ్రీగా సామాన్లు పంచుతాడు. ఆయన దగ్గర వజ్రాలు మరీ ఎక్కువ ఉన్నాయని ఎవరో గుసగుసగా టికెట్, అంటే మోడ్‌లకు ఫిర్యాదు, వేశారు.

ఆటలో 'స్పెక్టేటర్' అనే సెట్టింగ్ పెట్టుకుంటే మోడ్ ఎవరికీ కనబడడు, గోడల్లోంచి దూరి వెళ్ళిపోవచ్చు. 2021 చివర్లో వచ్చిన 1.18 నుంచి భూమి అడుగు మైనస్ 64 దాకా పోయింది, వజ్రాలు అట్టడుగునే ఎక్కువ. న్యాయంగా తవ్వేవాడు ఆ లోతులో తిన్నగా ఒక సొరంగం వేసి, రెండు పక్కలా కొమ్మల్లా తవ్వుకుంటూ పోతాడు, చాలా కొమ్మలు ఖాళీగా పోతాయి. ఈయన సొరంగాల్లో ఖాళీ కొమ్మ ఒక్కటీ లేదు. నేరుగా పోతున్న దారి ఉన్నట్టుండి ఎడమకు తిరుగుతుంది, ఏడు గడుల అవతల వజ్రాలు. అక్కణ్ణుంచి కిందికి, మళ్ళీ వజ్రాలు. ఒక్కసారయితే అదృష్టం అనొచ్చు. కోర్‌ప్రొటెక్ట్‌లో పాత రోజులు కూడా తీశాం, అన్నీ అదే తీరు. అప్పుడు అన్న సర్వర్‌లో ఎక్స్‌రే అడ్డుకునే సెట్టింగును రెండో రకానికి మార్చాడు. అందులో ఎక్స్‌రే వాడేవాడికి నేలంతా దొంగ వజ్రాలే కనిపిస్తాయి, మామూలుగా ఆడేవాడికి ఏమీ తేడా తెలియదు. ఆ రాత్రి నేనూ అక్కా కనబడకుండా ఆయన వెనకే ఉన్నాం. ఆయన ఎడమకు రెండు గడులు తవ్వాడు, ఆగాడు. కుడికి తవ్వాడు, ఆగాడు. పైకి. మళ్ళీ వెనక్కి. మామూలు రాళ్ళ మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా తల తిప్పుతున్నాడు. జాలేసింది, నవ్వూ వచ్చింది.

ఎక్స్‌రేకి మొదటిసారి శిక్ష నెల బ్యాన్, వజ్రాలన్నీ వెనక్కి. ఆయనకు వేస్తే అద్దె ఎవరు కడతారన్నది ఎవరూ పైకి అనలేదు గానీ మోడ్ చానెల్ రెండు రోజులు స్తబ్ధుగా ఉంది. చివరికి అన్న తనే వేశాడు. మామూలు ఫార్మాట్‌లోనే, 'మీరు' పెట్టి, రుజువులు జతచేసి, నెల తర్వాత రావచ్చని. ఆయన రాలేదు. వెళ్తూ వెళ్తూ ఐదారుగురిని తీసుకెళ్ళి సొంత సర్వర్ పెట్టుకున్నాడు. మేం చవక ప్లాన్‌కి దిగాం. రెండు మూడు నెలలు శనివారం రాత్రుళ్ళు ఒకటే లాగ్, ఆట ఆగి ఆగి నడిచేది. "ఆయన్ని వదిలేసుంటే సర్వర్ హాయిగా ఉండేది కదా" అని మంచి ఆటగాళ్ళే మొహమ్మీద అన్నారు. వాళ్ళ బాధా అబద్ధం కాదు, గుర్రం ఎక్కితే ముందుకు పోకుండా వెనక్కి జారేది. ఆ మూడు నెలల్లో ఎక్స్‌రే టికెట్లు మాత్రం దాదాపు పడలేదు.

ఆడపిల్లల సంగతి అక్క నడిపింది, నాకు తెలిసింది కొంచెమే. వాయిస్‌లో ఒక అమ్మాయి గొంతు వినబడగానే ఆమె ఇన్‌బాక్స్‌కి వరసగా 'హాయ్'లు పోతాయి. అక్క పెట్టిన పద్ధతి, అడగకుండా పర్సనల్ మెసేజ్ పెట్టినట్టు స్క్రీన్‌షాట్ వస్తే మొదటిసారికే బయటికి. చేరిన ప్రతివాళ్ళకూ ఈ సర్వర్‌వాళ్ళ మెసేజ్‌లు రాకుండా ఆపే సెట్టింగ్ ఎక్కడుందో బొమ్మలతో చూపించే పోస్టు కూడా ఆమే చేసింది. మొదట్లో "ఒక్క హాయ్‌కే ఇంత శిక్షా" అని గోల చేసినవాళ్ళున్నారు. ఇప్పుడు వాయిస్‌లో అమ్మాయిలు రావడం, పోవడం ఎవరూ పట్టించుకోనంత మామూలైంది.

ఇంటర్ ఫలితాలప్పుడు ఒక రాత్రి ఆట చాట్‌లో ఒక పిల్లాడు బతకాలని లేదన్న అర్థం వచ్చేలా ఏదో రాశాడు. నేనూ ఇంకో మోడూ కలిసి ఆ పిల్లాణ్ణి వాయిస్‌లోకి పిలిచి మాట్లాడుతూ ఉన్నాం. మూడో మోడ్ ఆ పిల్లాడి స్నేహితుడి ద్వారా వాళ్ళన్నయ్య నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. వాళ్ళన్నయ్య గదిలోకొచ్చి హెడ్‌సెట్ తీసుకుని "నేనున్నా" అనేదాకా లైను వదల్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం లైను టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాం, అది ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. దాన్ని నడిపించడంలో పెద్ద చెయ్యి మా బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌దే. ఆ పిల్లాడు బాగున్నాడు. ఆ నంబరు ఇప్పుడు మోడ్ చానెల్‌లో పైన పిన్ చేసి ఉంటుంది. అలాంటిది వస్తే ఎవరూ ఒంటరిగా మాట్లాడకూడదు, డాక్టర్ వేషం వెయ్యకూడదు అన్నది రాసిపెట్టుకున్నాం.

మోడ్‌గా ఉంటే ఆట పోతుంది, అది ముందే చెప్పాలి. నా సొంత ఇల్లు సర్వర్‌లో ఇంకా పైకప్పు లేకుండానే ఉంది. తిట్లు కూడా పడతాయి. నేను బ్యాన్ చేసిన ఒకడు కొత్త కొత్త ఖాతాలతో వచ్చి మా అమ్మను తిట్టేవాడు. డిస్కార్డ్ ఖాతా నంబరులోనే అది పుట్టిన తేదీ ఇమిడి ఉంటుంది, అది చూస్తే ఇందాకే పుట్టిన ఖాతా అని ఇట్టే తెలిసిపోతుంది. కొత్త ఖాతాలను కొంతసేపు మాట్లాడనివ్వకుండా ఆపే సెట్టింగ్ పెట్టాక వాడికే విసుగొచ్చింది. మోడ్‌లకు వంతులు వేసుకున్నాం, వంతు కానప్పుడు టికెట్ ముట్టుకోకూడదు. ఈ చివరిది పాటించడం నాకు కష్టం.

ఇప్పుడు మా మధ్య నలుగుతున్నది శిక్షల పట్టిక. డిస్కార్డ్‌లో మోడ్‌లు చేసిన పనుల చిట్టా నలభై ఐదు రోజులకు మించి ఉండదు, అందుకని మేం విడిగా ఒక షీట్‌లో రాసుకుంటున్నాం. ఎవరు, ఏం చేశారు, ఎంత శిక్ష. అందులో సగం పేర్లు పద్దెనిమిది నిండని పిల్లలవి. ఏడో తరగతిలో చాట్‌లో వాగిన వాగుడు వాడు డిగ్రీకొచ్చాక కూడా అక్కడ కనబడాలా అని నేనడిగాను. ఏడాది దాటినవి చెరిపేద్దామన్నా. అక్క ఒప్పుకోవడం లేదు. ఆడపిల్లల ఇన్‌బాక్స్‌లోకి పోయినవాళ్ళ వరస మాత్రం ఉండాల్సిందే, వాళ్ళు ఏడాది ఆగి మళ్ళీ వస్తారు అంటోంది. ఆమె చెప్పిన ఉదాహరణలు నేను కాదనలేకపోయాను. ఆ ఒక్క వరస ఉంచి మిగతావి తీసేద్దామని అన్న మధ్యేమార్గం చెప్పాడు, ఇద్దరమూ ఒప్పుకోలేదు. ఆదివారం ఓటింగ్ పెట్టాం, ఈసారి కొత్తగా చేరిన ట్రయల్ మోడ్‌లకు కూడా ఓటుంది. వాళ్ళలో ఒకడు చుక్క బ్యాచ్, ఎటు వేస్తాడో అడిగినా చెప్పడం లేదు.